రక్షకుల మనోవ్రణములు

2023వ సంవత్సరము జూన్ 2వ తేదీ సాయంకాలమున ఒడిశా రాష్ట్రమునందు బాలాసోర్ జిల్లా బహనగా బజారు స్టేషనువద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ నిలిచియున్న గూడ్సు బండిని ఢీకొనుటయు, పట్టాలు తప్పిన పెట్టెలకు మరియొక ప్రయాణికుల బండి తగులుటయు, 290 మందికి పైగా మృతినొందుటయు మన పాఠకులకు జ్ఞాపకముండియే యుండును. ఆ బండి మన తీరప్రాంతమునంతయు దాటి చెన్నపట్టణము చేరునది యగుటచే మన యూళ్లలో అనేక కుటుంబములవారు ఆ రాత్రి కన్నుమూయక గడపిరి. మృతుల సంఖ్యయు, కారణవిచారణయు, పరిహారపు మొత్తములును పత్రికలలో పలుమారులు వచ్చినవి. కాని ఆ దుర్ఘటనకు సంబంధించిన యొక చిన్న వార్త పెక్కుర దృష్టిలో పడక జారిపోయినది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమునకు నాడు అధిపతిగా నుండినవారు కొలది దినములకు పిమ్మట ఢిల్లీనగరమున ఒక సభలో మాటలాడుచు, పెట్టెలను కోసి క్షతగాత్రులను, శవములను వెలికిదీసిన తన జవానులలో ఒకనికి నీళ్లు చూచినపుడెల్ల నెత్తురువలె తోచుచున్నదనియు, మరియొకనికి నాటినుండి ఆకలియే నశించినదనియు చెప్పిరి.

ఈ యిరువురును పిలుపు రాగా పనికి పోయినవారు. చేయవలసిన పనిని తుదివరకు చేసినవారు. పని ముగిసి యింటికి మరలిన పిమ్మట గాయము తెలియవచ్చినది. దళాధిపతి ఈ సంగతిని మరుగుపరుపక పదిమందిలో చెప్పుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. ఏలన, మన దేశమున ఇట్టి గాయమునకు ఇంతవరకు వాడుకలో నున్న పేరులు రెండే. కొందరు దానిని పిరికితనమందురు. కొందరు గాలి సోకినదందురు. మొదటి మాట మనిషిని సిగ్గుచే చంపును. రెండవది వానిని భూతవైద్యుని వాకిట కూర్చుండబెట్టును. ఈ రెంటికంటె సత్యమైన పేరొకటి కలదనియు, ఆ వ్యాధికి నమ్మదగిన చికిత్స గలదనియు, దానిని పొందుటకు మన రక్షకులకు గల దారి ఇంకను ఇరుకుగానే యున్నదనియు చూపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది నేడు పుట్టిన వ్యాధి కాదు. పదునెనిమిది దినముల యుద్ధము గెలిచిన పిమ్మట ధర్మరాజు సింహాసనమెక్కుటకు మారుగా అడవికి పోయెదననెను. కర్ణుడు తన యన్నయని తెలిసిన తరువాత ఆ గెలుపు ఆయనకు విషతుల్యమైనది. భీముడును ద్రౌపదియు కోపించి నిష్ఠురములాడిరి. ఆ నిష్ఠురములవలన ఫలము కలుగలేదు. వ్యాసుడు చెప్పెను, కృష్ణుడు చెప్పెను. తుదకు అంపశయ్యమీద నున్న భీష్మునిచెంత కూర్చుండి, తన సందేహములనెల్ల ఒకటి వెంట నొకటిగా అడిగి, సమాధానములను వినవలసివచ్చెను. యుద్ధము ముగిసినను యోధునిలోని యుద్ధము ముగియదని మన పూర్వులెరుగుదురు. దెప్పుటవలన అది తీరదనియు, ఓపికతో జరిగిన సంభాషణమువలననే తీరుననియు కూడ వారెరుగుదురు.

ఆధునిక వైద్యశాస్త్రము ఈ విషయమును తెలిసికొనుటకు గొప్ప మూల్యమునే చెల్లింపవలసివచ్చినది. 1914లో ఐరోపా యుద్ధము మొదలైన కొలది నెలలకే ఒడలిపై గాయము లేని సైనికులు మాట పడిపోయియు, చూపు మందగించియు, కాళ్లు చేతులు వణకుచును ఆసుపత్రులకు రాజొచ్చిరి. 1915 ఫిబ్రవరిలో ఛార్లెస్ మైయర్సు అను వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ముగ్గురు సైనికుల స్థితిని వర్ణించుచు దానిని ‘షెల్ షాక్’ అనెను. ఫిరంగిగుండ్ల ప్రేలుడువలన మెదడు అదరుటయే దీనికి హేతువని మొదట తలచిరి. కాని గుండ్లు పడిన తావునకు సమీపముననైనను లేనివారికి ఇదియే దశ పట్టుట చూచి, హేతువు మనస్సునందు కలదని క్రమముగా గ్రహించిరి. గ్రహించినవారు వైద్యులు, సేనానులందరును గ్రహింపలేదు. ఆ యుద్ధకాలమున బ్రిటిషు సేనలో రణరంగమును విడిచిపోవుట, పిరికితనము మొదలగు నేరములక్రింద కాల్చి చంపబడిన 306 మందికి ఆ ప్రభుత్వము 2006లో క్షమాపణ ప్రసాదించెను. వారిలో ఎందరు నేరగాండ్రో, ఎందరు రోగులో విడదీసి చెప్పుట నేడెవ్వరికిని సాధ్యము కాదు. చనిపోయిన తొంబది యేండ్లకు లభించిన క్షమాపణను వారి మనుమలు అందుకొనవలసివచ్చెను.

మనవారి యనుభవము కూడ ఇచ్చట చెప్పదగినది. 1914 శీతకాలమున ఫ్రాన్సు దేశపు కందకములలో మోకాలిబంటి బురదలో పోరాడిన భారతీయ సిపాయిలకు చేతులపై తగిలిన గాయములు ఎక్కువగా నుండుట చూచి, వారు తమకు తామే గాయములు చేసికొని తప్పించుకొనుచున్నారని అధికారులు కొందరు అనుమానించిరి. బ్రైటన్ నగరమున భారతీయ సైనికులకై యేర్పరచిన కిచనర్ ఆసుపత్రి అధికారి బ్రూస్ సెటన్ 1,000 గాయములను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ యనుమానమునకు ఆధారము లేదని 1915లో నివేదించెను. పరాయి దేశమున, పరాయి చలిలో, పరాయివారి కలహమునకై ప్రాణములొడ్డినవారికి దక్కిన మొదటి బహుమానము అనుమానము! సైనికుని బాధను చూచి ముందుగా మోసమని శంకించు అలవాటు ఎంత ప్రాతదో దీనివలన తెలియగలదు.

ఆ యుద్ధకాలమునందే చికిత్సలో రెండు మార్గములు ఏర్పడినవి. లండనులో లూయిస్ యీలండ్ అను వైద్యుడు మాట పడిపోయినవారి గొంతునకు విద్యుత్తు తగిలించి, బాధచే మాటలాడించుచుండెను. ఎడింబరో నగరమువద్ద క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్సు వేరొక మార్గమున నడచెను. ఈ రివర్సు మన దక్షిణదేశమునకు క్రొత్తవాడు కాడు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో నీలగిరులకు వచ్చి, తోడవారి యాచారములను పరిశీలించి, 1906లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన పండితుడీతడే. కొండజాతివారి మాటలను ఓపికతో వినుటకు అలవాటుపడిన చెవి సైనికుల మాటలను వినుటకును ఉపకరించినదని తలంచుట తప్పు కాదు.

రివర్సు వర్ణించిన యొక సంగతిని మన పాఠకులకు చెప్పవలసియున్నది. ఒక యువ సేనాని తన మిత్రుని వెదకుచు పోయి, ఆతని శరీరము ముక్కలై పడియుండుట చూచెను. నాటినుండి ప్రతిరాత్రియు ఆ మిత్రుడు ఛిద్రమైన రూపముతో కలలో కనబడుచుండెను. ‘మరచిపొమ్ము, తలపునకు రానీయకుము’ అని అందరును చెప్పుచుండిరి. ఆతడును పగలంతయు మరచుటకే ప్రయాసపడుచుండెను. మరచుటకు ప్రయత్నించినకొలది రాత్రులు భయంకరములయ్యెను. రివర్సు దీనికి మారుగా ఆ దృశ్యమును కలసి తలచుకొందమనెను. శరీరము అట్లు ఛిన్నాభిన్నమగుటయే ఆతడు క్షణములో మరణించెననుటకును, గాయపడి చిరకాలము బాధపడలేదనుటకును నిదర్శనమని ఆ యువకునకు చూపెను. ఆ మాట ఆతని మనసున నాటెను. కొన్ని రాత్రులకు పిమ్మట మరల కల వచ్చెను; కాని ఈ పర్యాయము ఆతడు మిత్రుని ప్రక్కన మోకరిల్లెను. మేలుకొన్నపుడు దుఃఖము కలదు గాని మునుపటి భీతి లేదు. నేటి చికిత్సాపద్ధతులకెల్ల బీజము ఈ చిన్న కథలోనే కలదు.

కాని శాంతి వచ్చినంతనే లోకము ఈ పాఠమును మరచెను. రెండవ ప్రపంచయుద్ధమున, 1943 ఆగస్టులో, సిసిలీ ద్వీపమునందు అమెరికా సేనాని ప్యాటన్ ఆసుపత్రులలో ఇట్టి సైనికులనిరువురిని పిరికివారని తిట్టి చెంపపై కొట్టెను. వారిలో ఒకనికి మలేరియా జ్వరము కూడ నుండెనని తరువాత తేలెను. ప్యాటన్ పైయధికారి యాజ్ఞచే క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. వియత్నాము యుద్ధమునుండి మరలివచ్చిన అమెరికా సైనికులు తమలో తాము గుంపులుగా గూడి తమ బాధలను చెప్పుకొనజొచ్చిరి. రాబర్ట్ లిఫ్టన్, ఖైం షాటన్ అను వైద్యులు వారితో గూడి కూర్చుండిరి. ఆ యాందోళనము ఫలితముగా 1980లో అమెరికా మానసిక వైద్యసంఘము తన వ్యాధుల పట్టికలో ‘పోస్ట్ ట్రొమాటిక్ స్ట్రెస్ డిసార్డర్’ అను పేరును చేర్చెను. ఒక రోగము పేరు గ్రంథమునకెక్కుటకు రోగులే పోరాడవలసివచ్చుట వైద్యచరిత్రలో అరుదైన సంగతి.

ఈ వ్యాధి లక్షణములను నాలుగు తెగలుగా చెప్పుదురు. జరిగినది కలగానో, మెలకువలోనే యెదుట నిలుచు దృశ్యముగానో పదేపదే మరలివచ్చుట యొకటి. దానిని జ్ఞాపకపరచు తావులను, మనుష్యులను, మాటలను తప్పించుకొని తిరుగుట రెండవది. తనపైనను లోకముపైనను నమ్మకము చెడి, భార్యాబిడ్డలయందు సైతము మమత మొద్దుబారుట మూడవది. నిద్రపట్టకుండుట, చిన్న చప్పుడునకే త్రుళ్లిపడుట, నిమిత్తము లేని కోపము నాలుగవది. దారుణమును కన్నులార చూచిన పిమ్మట కొన్ని దినములు ఇవి యెవరికైనను సహజములే. పెక్కుమందికి తమంత తామే తగ్గిపోవును. నెల దాటినను తగ్గక, పనిని కాపురమును చెరచుచున్నపుడే దీనిని వ్యాధిగా నెంచవలెను.

దీని మర్మమును తెలియుటకు కురుపును తలచుకొనిన చాలును. పైకి మాడు కట్టి లోన చీము నిలిచిన కురుపును తాకనీయకుండ కాపాడుకొన్నంతకాలము అది మానదు. భయంకరమైన జ్ఞాపకము సైతమట్టిదే. మామూలు జ్ఞాపకములు కాలము గడచినకొలది గతమున చేరి సద్దుమణగును. ఇది గతమని యేర్పడక, ఇప్పుడే జరుగుచున్నట్లు దేహమును వణకించును. తప్పించుకొన్న ప్రతి పర్యాయమును క్షణకాలము ఉపశాంతి కలుగును. ఆ యుపశాంతియే మరల తప్పించుకొనుటకు పురికొల్పును. ఇట్లు మనిషి తిరుగు వలయము నానాటికి చిన్నదగును. మొదట రైలుస్టేషనుకు పోవుట మానును, పిమ్మట సంతకు, తుదకు ఇల్లు కదలుటయే మానును.

చికిత్స ఈ వలయమును వెనుకకు త్రిప్పుటయే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో రోగి వారమునకొకటి రెండు మారులు, సుమారు గంటన్నరసేపు, శిక్షితుడైన వైద్యుని యెదుట కూర్చుండి, కన్నులు మూసికొని, జరిగినది జరిగినట్లు చెప్పును. చెప్పినది రికార్డు చేసి, ఇంటివద్ద మరల వినవలెను. మరియు అపాయము లేకున్నను తాను మానివేసిన పనులను సులభమైనదానినుండి కష్టమైనదానివరకు మెట్లు మెట్లుగా మరల చేయవలెను. ఎనిమిదినుండి పదునైదు పర్యాయములలో ఇది ముగియును. ప్యాట్రీషియా రెసిక్ పద్ధతి పండ్రెండు పర్యాయములది. దీనియందు సంఘటనకంటె సంఘటనమీద మనిషి కట్టుకొన్న తీర్పును పరీక్షింతురు. ‘నేను ఇంకొక నిమిషము ముందు చేరియున్నచో బిడ్డ బ్రదికెడిది’ అని అగ్నిమాపకుడు తనను తాను శిక్షించుకొనుచుండును. ఆ నిమిషము నిజముగా ఆతని చేతిలో నుండెనా? ద్వారము తెరచియుండెనా? తోటివాడు ఇదే మాట చెప్పినచో ఆతనిని దోషియని యెంచునా? ఇట్టి ప్రశ్నలతో ఆ తీర్పును మరల విచారణకు తెత్తురు. ఫ్రాన్సిన్ షపిరో 1989లో ప్రకటించిన మూడవ పద్ధతిలో జ్ఞాపకమును తలచుకొనుచు వైద్యుని వ్రేలి కదలికను కన్నులతో వెంబడింతురు. ఫలము కలుగుచున్నది గాని, ఆ కన్నుల కదలిక యెంతవరకు అవసరమను విషయమున పండితులలో వాదము తీరలేదు.

అమెరికా సైనికశాఖయు, మాజీ సైనికుల శాఖయు కలసి 2023లో వెలువరించిన మార్గదర్శకములలో ఈ మూడు పద్ధతులకే అగ్రస్థానమిచ్చి, ఔషధములను వాని తరువాత నిలిపినవి. సెర్ట్రలీన్, పరోక్సిటీన్ వంటి మందులు కొందరికి మేలుచేయును. వైద్యుని సలహాతో వానిని వాడువారు సిగ్గుపడవలసినది గాని, తమంత తాము మానవలసినది గాని లేదు.

ఇది సర్వరోగనివారిణియని మేము చెప్పము. సైనికులపై జరిగిన పరిశోధనలను సమీక్షించి 2015లో అమెరికా వైద్యసంఘపు పత్రిక ప్రకటించిన వ్యాసము ప్రకారము, మొదటి రెండు పద్ధతులవలన నూటికి 49 మొదలు 70 మందివరకు చెప్పుకోదగిన మేలు పొందిరి. కాని మూడింట రెండువంతులమందికి చికిత్స ముగిసిన తరువాతకూడ వ్యాధిలక్షణములు రోగమని చెప్పదగినంతగా మిగిలియున్నవి. తగ్గినవారున్నారు, కొంత తగ్గినవారున్నారు, తగ్గనివారును ఉన్నారు. క్షయకును, మధుమేహమునకును మనము ఇట్టి లెక్కలనే విని వైద్యము చేయించుచున్నాము గదా! మనోవ్రణమునకు మాత్రము పూర్తిగా మానినగాని వైద్యమే కాదనుట న్యాయము కాదు.

మేలుచేయుదమను తొందరలో కీడు చేయు మార్గములును కలవు. అగ్నిమాపకులకును, అంబులెన్సు సిబ్బందికిని ఉపయోగపడునని 1983లో జెఫ్రీ మిచెల్ ఒక పద్ధతిని ప్రచారము చేసెను. దుర్ఘటన జరిగిన కొలది దినములలోనే అందరిని ఒకచోట కూర్చుండబెట్టి, చూచినదెల్ల ఒక్క పర్యాయముననే చెప్పించి పంపివేయుట దాని సారము. లోకమంతయు దానిని స్వీకరించెను. కాని కాలినగాయములు పడినవారిపై వేల్సు దేశమున జరిపి 1997లో ప్రకటించిన పరీక్షలో, పదమూడు నెలల పిమ్మట ఇట్లు చెప్పించబడినవారిలో నూటికి 26 మందికి వ్యాధి కలుగగా, ఏమియు చేయక విడిచినవారిలో 9 మందికే కలిగెను. ఇట్టి పరీక్షలనెల్ల సమీకరించి 2002లో జరిపిన పరిశీలన ఒక్కమారు చెప్పించుటవలన వ్యాధి నివారణము కాదని తేల్చెను. కావున మన అధికారులు దుర్ఘటన జరిగిన మరునాడు ఒక యుపన్యాసకుని పిలిపించి, గంటసేపు ‘కౌన్సెలింగు’ జరిపి, ఛాయాచిత్రము తీయించి, కర్తవ్యము తీరినదనుకొనుట తగదు. తొలి దినములలో కావలసినది నిద్ర, భోజనము, కుటుంబముతో మాట, తోటివారి చెలిమి. చెప్పదలచినవానిని వినుట, చెప్పదలపనివానిని బలవంతపెట్టకుండుట. ఒక నెలకును, మరల మూడు నెలలకును విచారించి, అవసరమైనవానిని వైద్యునికడకు చేర్చుట. ఇంగ్లండులో నౌకాదళపు మెరీనులు తమలోనివారికే ఇట్టి విచారణలో శిక్షణమిచ్చి నడుపుచున్నారు. నిద్రమాత్రల విషయమున కూడ హెచ్చరిక యవసరము. పైన చెప్పిన 2023 మార్గదర్శకములు డయాజిపాం తెగకు చెందిన మాత్రలను ఈ వ్యాధికి వాడవలదని స్పష్టముగా చెప్పినవి. ఇక సారాయి సంగతి చెప్పనక్కరలేదు. అది రాత్రిని మింగి, మరునాటి పగటిని కూడ మింగును.

మన యింటి సంగతికి వత్తము. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అను పేరు తరతరములుగా బిడ్డలను సైన్యమునకు పంపుటవలన వచ్చినది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ యుప్పెన పిమ్మట వేలకొలది శవములను ఎత్తి పూడ్చినవారెందరో మన జిల్లాలలో ముసలివారై యున్నారు. ఆ దినములలో మీకేమైనదని వారినడిగినవారు లేరు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద గోదావరిలో పడవ మునిగినపుడు 26 మందిని బ్రదికించినవారు ముఖ్యముగా ఆ గట్టునగల గిరిజనులు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు వెంకటాపురమున విషవాయువు కమ్మినపుడు వీధులలో పడియున్నవారిని భుజములపై మోసినవారు పోలీసులును, ఇరుగుపొరుగు యువకులును. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంటవద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కప్పు కూలి 8 మంది చిక్కుకొనగా, సైనికులు, విపత్తు దళమువారు, సింగరేణి గనుల రక్షకులు రెండు నెలలు బురదలోను, ఊటనీటిలోను వెదకిరి. అంత శ్రమకును దొరికినవి రెండు మృతదేహములు. బ్రదికించినవానికి బ్రదికించితినను తృప్తియైన నుండును. ఇట్లు వెదకి వెదకి రిక్తహస్తములతో మరలినవాని మనస్సును ఎవరు విచారించిరి?

ఇట్లు మరలినవారిని ప్రభుత్వము ఎట్లు చూచుచున్నది? సైన్యమునందును కేంద్ర సాయుధ పోలీసు బలగములయందును ఉద్యోగి యారోగ్యమును ‘షేప్’ అను అయిదక్షరముల పట్టికతో కొలుతురు. మొదటి యక్షరము మనస్థితికి సంబంధించినది. పదోన్నతికి సామాన్యముగా మొదటి తరగతి యారోగ్యము కావలయును. నిద్రపట్టుట లేదని వైద్యునితో చెప్పినచో తరగతి దిగునేమో, తుపాకి చేతినుండి తీసికొందురేమో, ప్రమోషను పోవునేమో యను భయమున జవాను నోరు విప్పడు. పోలీసు కానిస్టేబులునకు ఇన్‌స్పెక్టరు నవ్వునేమో యను శంక. 2005లో హైదరాబాదున మొదలైన 108 బండ్లలో రేయింబవళ్లు నెత్తుటిలో పనిచేయువారిలో పెక్కుమంది ఒప్పందపు కొలువువారు. సెలవడిగిన కొలువే పోవునని వారి భయము. ఇక గజయీతగాండ్రకును, శవములగదిలో పనిచేయువారికిని మనస్సున్నదనియే ఎవరును తలంపరు.

ఇట్టి వ్యాధిని అంగీకరించినచో ప్రతివాడును రోగినని తప్పించుకొనును, దళమునందు క్రమశిక్షణ చెడును అని కొందరు పెద్దలందురు. ఈ వాదము కొత్తది కాదు. 1914లో మన సిపాయిలను అనుమానించినవారి వాదమిదియే. అనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. 1917లో అమెరికా సైనికవైద్యుడు థామస్ సామన్ ఇంగ్లండు పద్ధతులను పరిశీలించి, మనస్సు చెదిరిన సైనికునకు యుద్ధరంగమునకు సమీపముననే, ఆలస్యము లేక, నీవు మరల పనికి పోగలవను ధైర్యమిచ్చుచు విశ్రాంతిని చికిత్సను గూర్చుట మేలని చెప్పెను. దూరపు ఆసుపత్రులకు పంపి రోగియని ముద్రవేసినవారికంటె ఇట్టివారిలో మరల కొలువునకు పోగలిగినవారెక్కువ. చికిత్స సైనికుని దళమునకు నష్టపరచునది కాదు; మరల ప్రసాదించునది. నిజముగా అపాయకరమైనది దాపరికము. కేంద్ర బలగములలో ఆత్మహత్యలును, తోటివారిపై కాల్పులును పార్లమెంటులో పలుమారులు ప్రశ్నలకు విషయములైనవి. ఆ మరణములకన్నింటికి ఇదియే హేతువని చెప్పము. సెలవులు దొరకకపోవుట, ఇంటి కలహములు, అప్పులు మొదలగునవి యెన్నియో కలవు. కాని బాధను చెప్పుకొన దారిలేని మనిషిచేతిలో గుండ్లు నింపిన తుపాకి యుండుట క్రమశిక్షణకు సాధకమని యెవరనగలరు?

మన దేశమున మార్గము బొత్తిగా లేకపోలేదు. విపత్తులలో మానసిక సహాయమునకై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మార్గదర్శకములు వెలువరించినది. 2017 మానసిక ఆరోగ్య చట్టము మానసిక వ్యాధులకును శరీరవ్యాధులతో సమానముగా బీమా సదుపాయము కల్పింపవలెనని శాసించినది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును. సైనికులకై ప్రత్యేక శాఖను 2023 డిసెంబరులో పూనాలోని సైనిక వైద్యకళాశాలలో తెరచిరి. ఇవి మంచి పనులే. కాని ఫోనులో వినువాడు దారి చూపగలడు. పండ్రెండు వారములు ఎదుట కూర్చుండి చికిత్స చేయువాడు జిల్లాలో నుండవలెను గదా!

కావున మూడు పనులు వెంటనే జరుగవలెనని మా యభిప్రాయము. మొదటిది, ప్రతి జిల్లాలోను పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బందికి అందుబాటులో, పైన చెప్పిన పద్ధతులలో శిక్షణ పొందిన మనశ్శాస్త్రజ్ఞులను నియమింపవలెను. వారు ఆ శాఖల యధికారులకు లోబడినవారు కారాదు. రోగి చెప్పినది ప్రాణాపాయపు సందర్భమున తప్ప పైకి పోరాదు. రెండవది, తానుగా వచ్చి చికిత్స పొందినవాని పదోన్నతికి ఆ చికిత్సయే యడ్డు కాకూడదని నియమమును స్పష్టముగా వ్రాయవలెను. పనికి తగునా యని చూడవలెనే గాని, చికిత్స పొందెనా యని చూడరాదు. కాలు విరిగి అతుకుకొన్నవానిని పరుగెత్తించి చూచి మరల చేర్చుకొనుచున్నాము. ఇచ్చటను అదియే ధర్మము. మూడవది, ఒప్పందపు సిబ్బందికిని, ప్రభుత్వపు పిలుపుపై వచ్చిన యీతగాండ్రు, గ్రామస్థులు మొదలగు స్వచ్ఛంద రక్షకులకును ఈ సదుపాయము ఉచితముగా దొరకవలెను. పతకమో నగదు బహుమానమో ఇచ్చునపుడే ఈ పత్రమునుకూడ వారిచేతికీయవచ్చును.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయును, చేయనిచో అడుగుదము. ఇంటిలోనివారు చేయవలసినది వేరు. కుమారుడు సెలవుపై వచ్చినపుడు అరుగుమీద పదిమందిని కూర్చుండబెట్టి ‘ఎందరిని చంపితివి, ఏమేమి చూచితివి’ అని వినోదమునకడుగుట మానుదురు గాక. దీపావళినాడు టపాకాయ చప్పుడునకు ఉలికిపడి లోనికి పోయినవానిని చూచి నవ్వకుందురు గాక. వాడు రాత్రి వసారాలో పచార్లు చేయుచున్నపుడు తల్లిగాని భార్యగాని ప్రక్కన వచ్చి కూర్చుండిన చాలును, ప్రశ్నలక్కరలేదు. వాడే నోరు తెరచినపుడు మధ్యలో అడ్డుపడక, ‘అంతా మరచిపో’ అనక, వినుట నేర్చుకొనవలెను. నెల గడచినను నిద్రలేక, త్రాగుడునకు మరగి, బ్రదుకుపై విసుగు కనబరచుచున్నయెడల వానిని వెంటబెట్టుకొని జిల్లా ఆసుపత్రికి పోవలెను. చావు మాట నోట వచ్చినచో ఒక్క దినమైనను జాగుచేయరాదు.

గ్రామములలో భూస్వాములకును, పట్టణములలో వర్తకులకును, వకీళ్లకును నేటికిని పలుకుబడి కలదు. ‘వానికేమో పిచ్చి పట్టినదట, పిల్లనీయవద్దు’ అను మాట వారి నోటనుండి వచ్చినచో ఆ కుటుంబము మరల తలయెత్తలేదు. ‘వాడు మనకొరకు పోయి దెబ్బతిన్నాడు, వైద్యము చేయించుకొనుచున్నాడు’ అను మాట వచ్చినచో ఊరంతయు అదియే చెప్పుకొనును. ఈ రెండు మాటలలో ఏది పలుకుదురో నిర్ణయించుకొనుటకు చట్టమక్కరలేదు, ధనమక్కరలేదు. రక్షకులు మన యిల్లు కాలినపుడు మన కులము, మన పక్షము అడుగక లోనికి దుమికినవారు. వారి యింట రాత్రి దీపము వెలుగుచున్నచో కారణము తెలిసికొనుటయు, తెలిసిన పిమ్మట వైద్యునికడకు తోడు పోవుటయు మనవంతు.